స్వయం కోర్సు ఎక్కడ తెగిపోతోంది?

జులై టర్మ్ మొదలవుతుందనగా ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం లింకులు తిరగడం మొదలవుతుంది. ఉచితం అన్న మాట చూసి ప్లస్ త్రీ (ఒడిశాలో డిగ్రీ) పిల్లలూ ఇంజినీరింగ్ పిల్లలూ ఒకరిని చూసి ఒకరు నొక్కేస్తారు. మూడు, నాలుగు కోర్సుల్లో పేరిచ్చినవాళ్ళూ ఉంటారు. పూజా సెలవులు వచ్చేసరికి అందులో ఎంతమంది మిగిలారని అడిగితే మాస్టార్లు పెదవి విరుస్తారు. "పిల్లలకి శ్రద్ధ లేదండీ" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబుతోనే పేచీ. కోర్సు తెగిన చోటు పట్టుకుని చూస్తే అక్కడ చాలాసార్లు ఒక తేదీయో, ఒక ఫారమో, వెయ్యి రూపాయల ఫీజో, ఎవరూ విడమరిచి చెప్పని చిన్న లెక్కో కనిపిస్తుంది.

ముందు పెద్ద లెక్క చూద్దాం. 2012లో అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయం తన మొదటి బహిరంగ ఆన్‌లైన్ కోర్సు సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్ పెట్టినప్పుడు 1,54,763 మంది పేరిచ్చారు. మొదటి లెక్కల సెట్టు తెరిచి చూసినవాళ్ళు 69,221. అందులో కనీసం ఒక్క మార్కు తెచ్చుకున్నవాళ్ళు 26,349. మధ్యలో పెట్టిన పరీక్ష గట్టెక్కినవాళ్ళు 9,318. చివరికి సర్టిఫికెట్ అందుకున్నవాళ్ళు 7,157. ఈ అంకెలు చూసి అందరూ "లక్షన్నర మందిలో ఏడు వేలేనా" అని ముక్కున వేలేసుకుంటారు. చూడాల్సింది మధ్యలో ఉన్న అంకెలని. మొదటి మార్కు రాకముందే లక్షా ఇరవై ఎనిమిది వేల మంది జారిపోయారు. మధ్య పరీక్ష పాసైనవాళ్ళలో తర్వాత తగ్గింది రెండు వేల పైచిలుకే. చివర్లో కష్టమైన పాఠాలకి భయపడి పారిపోయినవాళ్ళకంటే గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువన్నమాట.

హార్వర్డ్, ఎమ్ఐటీ కోర్సుల ఆరేళ్ళ లెక్కలని పరిశోధకులు జస్టిన్ రైక్, హోసే రుయిపెరెజ్-వాలియెంతె 2019లో సైన్స్ పత్రికలో పెట్టారు. పేరిచ్చినవాళ్ళలో సగానికి పైగా, 52 శాతం, కోర్సు లోపలికే అడుగుపెట్టలేదు. 2017-18లో పూర్తిచేసినవాళ్ళు 3.13 శాతం. డబ్బు కట్టి సర్టిఫికెట్ దారిలో చేరినవాళ్ళని మాత్రమే లెక్కేస్తే అదే ఏడాది 46 శాతం. డబ్బు కడితే చదువొచ్చేస్తుందని దీనికి అర్థం చెప్పేవాళ్ళున్నారు, అది తొందరపాటు. పూర్తి చెయ్యాలని ముందే తేల్చుకున్నవాళ్ళే డబ్బు కడతారు కదా.

పేరిచ్చిన ప్రతివాడూ పూర్తి చెయ్యడానికే వచ్చాడనుకోవడం ఇంకో పొరపాటు. అర్థం కాని ఒక్క పాఠం కోసం వచ్చి, అది చూసుకుని వెళ్ళిపోయిన పిల్లని డ్రాపౌట్ అనడం అన్యాయం. రైక్ 2014లో హార్వర్డ్ కోర్సుల మీద చేసిన సర్వేలో, పూర్తి చేస్తామని మొదట్లోనే చెప్పినవాళ్ళలో 22 శాతానికి సర్టిఫికెట్ వచ్చింది, ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్ళలో 6 శాతానికి. పూర్తి చేస్తామని వచ్చి చెయ్యలేకపోయిన మిగిలిన 78 శాతం సంగతే మనకి కావలసింది. వాళ్ళకి మనసుంది, అయినా తెగింది.

మన దగ్గర ఎలా తెగుతుందో తెలియాలంటే ముందు స్వయం పనిచేసే తీరు తెలియాలి. 2017 జులై 9న మొదలైన ఈ వేదికలో ఇక్కడి పిల్లలు ఎక్కువగా చేరేది ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో. అవి 4, 8, 12 వారాలవి. వారానికి సుమారు రెండున్నర గంటల వీడియో, ఒక అసైన్‌మెంటు. చేరడం ఉచితం. చివరి పరీక్షకి విడిగా ఫారం నింపి, కోర్సుకి 1000 రూపాయలు కట్టాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి సగం ఫీజు, సర్టిఫికెట్ జతచేస్తేనే. గజపతి, రాయగడ జిల్లాల్లో సవర, కొంధ పిల్లలు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. కుల ధ్రువపత్రం స్కాన్ చేసి ఫోన్‌లో సిద్ధంగా పెట్టుకోకపోవడం వల్ల పూర్తి ఫీజు కట్టేవాళ్ళూ, అంత కట్టలేక వదిలేసేవాళ్ళూ ఉంటారు.

మార్కుల లెక్క ఒక్కసారి నెమ్మదిగా చూడండి, ఎందుకంటే ఎక్కువ కోర్సులు ఇక్కడే అన్యాయంగా చచ్చిపోతున్నాయి. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 ఉండాలి, రెండూ విడివిడిగా. అసైన్‌మెంట్లలో అన్నీ లెక్కలోకి రావు. 4 వారాల కోర్సులో మంచివి 3, 8 వారాల దాంట్లో మంచివి 6, 12 వారాల దాంట్లో మంచివి 8 తీసుకుంటారు. అంటే 12 వారాల కోర్సులో నాలుగు అసైన్‌మెంట్లు ఎగ్గొట్టినా మార్కు తగ్గదు.

ఇప్పుడు 8 వారాల కోర్సులో ఉన్న ఒక పిల్లాడిని ఊహించుకోండి. రెండో వారం ఊళ్ళో పెళ్ళి, అసైన్‌మెంటు పోయింది. మూడో వారం ఇంటర్నల్ పరీక్షలు, అదీ పోయింది. పోర్టల్ తెరిస్తే రెండు సున్నాలు. "ఇంక మనవల్ల కాదు" అని నాలుగో వారం తెరవడం మానేస్తాడు. లెక్క ప్రకారం అతను ఇంకా ఏమీ పోగొట్టుకోలేదు, మిగిలిన ఆరూ రాస్తే నూటికి నూరూ అతనివే. ఇంకా కిందకి వెళ్దాం. మొత్తం ఎనిమిదిలో నాలుగే రాసి, ఒక్కోదానికి 60 తెచ్చుకున్నాడనుకుందాం. నాలుగు అరవైలు 240. దాన్ని 6తో భాగిస్తే 40. నూటికి 40 అంటే 25కి సరిగ్గా 10. అసైన్‌మెంట్ల గడప దాటేసినట్టే. మూడో వారంలో ఈ నాలుగు వాక్యాలు ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్లాడు పరీక్ష హాల్లో ఉండేవాడు. మాస్టార్లలో కూడా ఈ లెక్క తెలియనివాళ్ళున్నారు, అదే చిరాకు.

అసైన్‌మెంటు ఇవ్వడంలో ఇంకో మెలిక. గడువు మామూలుగా బుధవారం రాత్రి 11:59. ఆ లోపు ఎన్నిసార్లయినా సబ్మిట్ చెయ్యవచ్చు, ఆఖరిసారి ఇచ్చినదే లెక్క. ఇది తెలియక పిల్లలు అన్నీ తెలిశాకే ఇద్దామని బుధవారం రాత్రి దాకా ఆగుతారు. ఆ రాత్రి కరెంటు పోతుంది, లేదా సిగ్నల్ పోతుంది. ఆదివారమే వీడియోలు సగం చూసి, తెలిసిన జవాబులు పెట్టి, తెలియనివాటికి ఏదో ఒకటి నొక్కి సబ్మిట్ చేసేయాలి. తర్వాత మిగతావి చూసి దిద్దుకోవచ్చు. డ్రాఫ్ట్‌గా దాచి సబ్మిట్ నొక్కడం మరిచిపోయేవాళ్ళు కూడా తక్కువేం లేరు. నొక్కాక పేజీలో సమయంతో సహా కనబడుతుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి.

జీమెయిల్ గొడవ చిన్నదే గానీ చేటు చేస్తుంది. ఇంట్లో ఒక ఫోన్‌లో అన్నయ్యదీ చెల్లిదీ రెండు అకౌంట్లు ఉంటాయి. చేరింది ఒకదానితో, తెరిచేది ఇంకోదానితో. కోర్సులో మీరు లేరని చూపిస్తుంది. పరీక్ష ఫారం కూడా చేరిన మెయిల్‌తోనే నింపాలి, వేరేదానితో నింపితే అసైన్‌మెంట్ మార్కులు జతపడవు. చేరిన రోజే ఏ మెయిలో నోటుబుక్కు అట్ట మీద రాసుకోవడం ఉత్తమం.

పేరు సంగతి సరిహద్దు పిల్లలకి మరీ పీడ. తెలుగిళ్ళలో ఇంటిపేరు ముందు. ఒడియా బడిలో పేరు చివరన ఉన్న "రావు"నో "నాయుడు"నో ఇంటిపేరనుకుని రాసేస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగులుతుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, జీమెయిల్‌లో ముద్దుపేరు. పరీక్ష ఫారంలో ఏం రాస్తే సర్టిఫికెట్ మీద అదే వస్తుంది. పరీక్ష హాల్లో చూపించే గుర్తింపు కార్డులోనూ, కాలేజీ రికార్డులోనూ ఉన్నట్టే రాయాలి. కోర్సుకి వచ్చే క్రెడిట్లు (డిగ్రీలో లెక్కకొచ్చే పాయింట్లు) జమ కావాలంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 12 అంకెల ఐడీ కావాలి, అక్కడ కూడా పేరు కలవాలి. ఈ దిద్దుబాట్లకి ఆధార్ సెంటర్ చుట్టూ తిరిగి విసిగిపోయి కోర్సు వదిలేసినవాళ్ళని శ్రద్ధ లేనివాళ్ళ ఖాతాలో వేస్తున్నాం.

భాష గురించి అందరూ ఒకేమాట అంటారు, తెలుగులో పెడితే చాలని. ఇక్కడ అంత సులువు కాదు. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సుల పాఠాలని తెలుగులోకి రాయించి పెట్టింది, మంచిదే. కానీ పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివిన పిల్లలు ఎంతోమంది. వాళ్ళకి తెలుగు వింటే ఎక్కుతుంది, తెలుగు అక్షరాలు చదవమంటే కూడబలుక్కోవాలి. వాళ్ళకి తెలుగు లిపిలో రాసిన పాఠం కంటే తెలుగులో ఎవరైనా పది నిమిషాలు మాట్లాడి చెబితే ఎక్కువ లాభం. ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి వచ్చి చదివేవాళ్ళది దీనికి ఎదురు, వాళ్ళకి తెలుగు ప్రతి నేరుగా పనికొస్తుంది. మెంటరు, అంటే కాలేజీలో ఈ పిల్లల్ని చూసుకునే మాస్టారు, ఎవరికేది అక్కరో కనుక్కోవాలి. ఇంగ్లీషు వీడియో అయితే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, వేగం 0.75కి తగ్గించి చూడటం చాలామందికి సాయపడుతుంది.

వీడియో నిడివి కూడా చూడాలి. 2014లో పరిశోధకుడు ఫిలిప్ గువో, మరో ఇద్దరు 69 లక్షల వీడియో వీక్షణల మీద చేసిన పరిశీలనలో ఆరు నిమిషాల లోపు వీడియోలని జనం ఎక్కువగా చివరిదాకా చూశారని తేలింది. మనకి వచ్చేవి ముప్ఫై నిమిషాల పాఠాలు. వాటిని ముక్కలుగా చూడమని ఎవరూ చెప్పరు. ఎక్కడ ఆపారో నిమిషం రాసుకుని, పది నిమిషాల చొప్పున మూడుసార్లు చూస్తే సరిపోతుంది.

డేటా లెక్క సుమారుగా చెప్పాలంటే, 360పీలో గంట వీడియోకి 300 ఎంబీ దాకా పోతుంది. వారానికి 750 ఎంబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్ళకి ఇది పెద్ద భారం కాదు. ఫోన్ దానంతటదే 720పీకి ఎక్కితే మాత్రం మూడు, నాలుగు రెట్లు తింటుంది, ఒకే రోజు వారం పాఠాలన్నీ చూద్దామనుకున్నవాడికి మధ్యాహ్నానికే ఆగిపోతుంది. అలాగని 144పీకి దించితే బోర్డు మీద పవర్లూ సబ్‌స్క్రిప్టులూ కనబడవు. శనివారం గుమ్మా, నువాగడ, మోహన కొండల్లోని ఊళ్ళకి వెళ్ళే హాస్టల్ పిల్లలు శుక్రవారమే టౌన్‌లో వీడియోలు డౌన్‌లోడ్ చేసుకుని, పాఠం పీడీఎఫ్ కూడా దించుకోవాలి.

ఫోన్ మీద ప్రోగ్రామింగ్ కోర్సు మాత్రం వద్దు. పైథాన్‌లో చిన్నక్షరాలతో ఉండాల్సిన ప్రింట్‌ని ఫోన్ కీబోర్డు పెద్ద పి తో మొదలుపెట్టేస్తుంది. ఆ పేరు తెలియదని ఎర్ర అక్షరాలు వస్తాయి. లోపలి వరుసల ఖాళీలు వేలితో సరిగ్గా పడవు. తప్పెక్కడుందో తెలియక రెండు రాత్రులు కూర్చున్నవాడు మూడో రాత్రి కూర్చోడు. కాలేజీ ల్యాబ్‌లో వారానికి రెండు గంటలు దొరుకుతాయని ఖాయమైతేనే ఆ కోర్సు తీసుకోవాలి. దొరకకపోతే ఆ టర్మ్‌కి థియరీ కోర్సుతో సరిపెట్టుకోండి.

జులై టర్మ్‌లో ఇంకో గండం వాతావరణం. అసైన్‌మెంట్లు అక్టోబరు దాకా నడుస్తాయి. దసరా, తుపాన్లు అన్నీ అప్పుడే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని కుదిపేసింది, కొండచరియలు విరిగిపడ్డాయి. అలాంటి వారంలో ఎవరూ అసైన్‌మెంటు రాయలేరు. అందుకే ఎగ్గొట్టడానికి ఉన్న వెసులుబాటుని ఆగస్టులో బద్ధకానికి ఖర్చు పెట్టకండి, అక్టోబరుకి దాచుకోండి. మొదటి ఆరు వారాలు ఒక్కటీ వదలకుండా రాసినవాడికి తుపాను వచ్చినా నష్టం లేదు.

పరీక్ష ఫారం గడువు కోర్సు మొదట్లోనే వచ్చేస్తుంది, పాఠాలు సగం కాకముందే. "చివర్లో చూద్దాం" అనుకున్నవాళ్ళు అసైన్‌మెంట్లన్నీ రాసి కూడా పరీక్షకి దూరమవుతారు. ఊరు ఎంచుకునేటప్పుడు ఒడిశాలోనే ఉండాలన్న నియమం లేదు. జాబితాలో బరంపురంతో పాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ఉన్నాయేమో చూడండి. పర్లాకిమిడి వాళ్ళకి శ్రీకాకుళం దగ్గర. రాయగడ వాళ్ళకి విజయనగరం, విశాఖ రైలు నేరుగా ఉంది. పరీక్ష మూడు గంటలు, ఉదయం 9 నుంచి 12, మధ్యాహ్నం 2 నుంచి 5. ఎంచుకునే వీలుంటే మధ్యాహ్నం పెట్టుకోండి, ఉదయం పరీక్షకి ముందురోజే వెళ్ళి లాడ్జిలో దిగాలి. ఆడపిల్లలున్న ఇళ్ళలో ఆ ఒక్క రాత్రి మాటే కోర్సుని ఆపేస్తుంది. ఒకే కాలేజీ నుంచి నలుగురు ఒకే ఊరు, ఒకే పూట ఎంచుకుంటే ఇంట్లో ఒప్పించడం తేలిక.

క్రెడిట్ల మాట ముందే తేల్చుకోవాలి. యూజీసీ 2021 నియమాల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదవనివ్వచ్చు. కానీ ఏ కోర్సు ఏ పేపరుకి బదులో విశ్వవిద్యాలయం, కాలేజీ ఒప్పుకోవాలి. 12 వారాల కోర్సుకి మామూలుగా 3 క్రెడిట్లు, 8 వారాల దానికి 2. డిపార్ట్‌మెంటు రాతపూర్వకంగా ఒప్పుకోకముందే పరీక్ష రాసి పాసై, "ఇది మా సిలబస్‌లో లేదు" అని చెప్పించుకున్నవాడు తర్వాత టర్మ్‌లో చేరడు. అతని స్నేహితులూ చేరరు.

వీటన్నిటికీ ప్రేరణ సందేశాలతో మందు వెయ్యాలని చూసినవాళ్ళున్నారు. రెనే కిజిల్‌చెక్, ఇతరులు 2020లో ప్రచురించిన పెద్ద ప్రయోగంలో 247 కోర్సుల్లో దాదాపు రెండున్నర లక్షల మందితో "ఎప్పుడు చదువుతావో ప్లాన్ రాసుకో" లాంటి చిన్న చిన్న పనులు చేయించారు. మొదటి కొన్ని వారాలు కాస్త ఊపొచ్చింది, పూర్తిచేసేవాళ్ళ సంఖ్య మాత్రం పెరగలేదు. కాబట్టి కాలేజీ గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మతో సూక్తులు పెట్టడం ఆపి, ఆ పది నిమిషాలు మెంటర్ పేజీ తెరవండి.

ఎన్‌పీటెల్ స్థానిక చాప్టర్ ఉన్న కాలేజీలో మెంటర్‌గా నమోదైన మాస్టారికి తన పిల్లల వారపు మార్కులు కనిపిస్తాయి. పిల్లలు ప్రొఫైల్‌లో కాలేజీ పేరు సరిగ్గా ఎంచుకుని, మెంటర్ని జోడించుకుంటేనే. కాలేజీ పేరు జాబితాలో ఎంచుకోకుండా ఇతర అని నొక్కిన పిల్ల ఎవరి జాబితాలోనూ ఉండదు, ఆమె ఆగిపోయినా ఎవరికీ తెలియదు. మెంటర్ చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. మంగళవారం సాయంత్రం ఒక గంట ల్యాబ్ తెరిపించాలి, బుధవారం గడువుకి ముందురోజు కాబట్టి. గురువారం జాబితా చూసి ఖాళీగా ఉన్న పేర్లకి ఫోన్ చెయ్యాలి. మెసేజ్ చాలదు, ఫోనే చెయ్యాలి. రెండో వారం, మూడో వారం ఈ పని తప్పకుండా చేస్తే ఆ తర్వాత భారం దానంతటదే తగ్గుతుంది. ముప్ఫై మందికి మించి ఒక్క మెంటర్ తలకెత్తుకుంటే అది జరగదు, ఇద్దరు పంచుకోవాలి.

పిల్లలకి సలహా ఒకటే పెద్దది: టర్మ్‌కి ఒక్క కోర్సు. అది కూడా ఆ సెమిస్టర్‌లో కాలేజీలో చదువుతున్న పేపరుకి దగ్గరగా ఉన్నది. సెమిస్టర్ పరీక్షకీ ఎన్‌పీటెల్ పరీక్షకీ ఒకే చదువు పనికొస్తుంది, అదనంగా పడేది వారానికి మూడు గంటలు.

ఈ టర్మ్‌లో ఇప్పటికే తెగిపోయి ఉంటే వీడియోలు ఎక్కడికీ పోవు, యూట్యూబ్‌లో ఉంటాయి. మిగిలిన పాఠాలు గడువుల పీడ లేకుండా చూడండి. ఆ కోర్సు మళ్ళీ ఎప్పుడు పెడతారో పోర్టల్ జాబితాలో కనబడుతుంది. అన్ని కోర్సులూ ప్రతి టర్మ్‌లో ఉండవు, కొన్ని జనవరిలో, కొన్ని జులైలోనే. మళ్ళీ చేరినప్పుడు అసైన్‌మెంట్లు మొదటి వారం నుంచి రాయాల్సిందే, ఈసారి సగం పాఠాలు ముందే తెలిసి ఉంటాయి కాబట్టి ఒక్కో వారానికి గంట చాలు. పరీక్ష ఫారం తేదీ మాత్రం చేరిన రోజే క్యాలెండర్‌లో పెట్టుకోండి, గడువుకి వారం ముందు మోగేలా.